నాకేమీ కాని నూకమ్మ

నూకమ్మ నాకు ఏమీ కాదు. ఈ మాట నేను ఇప్పటికి నాలుగు కాగితాల మీద రాసి సంతకం పెట్టాను. నాలుగోది స్టాంపు పేపరు. మా జిల్లా కేంద్రం దుర్గ్‌లో, కోర్టు బయట బల్ల వేసుకుని కూర్చునే నోటరీ దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "ఏమీ కాని మనిషి కోసం ఇన్నిసార్లు తిరుగుతున్నారా దీదీ" అన్నాడు హిందీలో. నాకు ఒళ్లు మండింది. నీకెందుకయ్యా, ముద్ర వెయ్యి అని లోపల అనుకుని పైకి నవ్వాను. ఆఫీసుల చుట్టూ తిరిగిన ఈ ఎనిమిది నెలల్లో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే.

నేను భిలాయి పిల్లనే. సెక్టర్ 4 క్వార్టర్లో పుట్టాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను, అమ్మతో కలిసి. మా నాన్న అప్పలసూరి శ్రీకాకుళం వైపునుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. ఆయన పోయి పదేళ్లు. అమ్మ జోగమ్మకు డెబ్బై ఎనిమిది. నేనేమో ఒక కాంట్రాక్టరు దగ్గర పంతొమ్మిదేళ్లు టెండరు కాగితాలు టైపు చేశాను. ఆ కాంట్రాక్టరు వ్యాపారం మానేశాక, ఇంకొకడి దగ్గర చేతులు కట్టుకు నిలబడటం ఇష్టంలేక, నలభై ఐదేళ్ల వయసులో పవర్ హౌస్ మార్కెట్లో సొంత హోటలు పెట్టాను. పేరు 'రంగూన్ రసోయి', అంటే రంగూన్ వంటిల్లు. బోర్డు మీద గిన్నెలోంచి పొగలు వస్తున్నట్టు బొమ్మ కూడా వేయించాను.

రంగూన్ ఎందుకంటే, మా అమ్మమ్మ అక్కడ పుట్టింది. యుద్ధం రోజుల్లో ఇటు వచ్చేసినా నాలుక అక్కడే వదిలేసి వచ్చింది. చేపల పులుసు చిక్కగా కాచి, అందులో అరటి దవ్వ వేసి, సన్న బియ్యపు సేమియా మీద పోసి, పైన శనగపప్పు వడలు విరిచి వేసేది. మొహింగా అంటారు దాన్ని. సెలవులకు విశాఖపట్నంలో ఆవిడ దగ్గరికి వెళ్లినప్పుడల్లా నేను తిన్న తిండి అది. పవర్ హౌస్‌లో దోసె దొరుకుతుంది, చౌమీన్ దొరుకుతుంది, మోమో అయితే అడుగుకొకటి. మొహింగా మాత్రం ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. అదే నా ధైర్యం.

ఆ వంట చేసేవాళ్లు కూడా ఎక్కడా లేరని తర్వాత తెలిసింది. అమ్మమ్మ చేతి లెక్కలు అమ్మకు రావు. ఇద్దరు వంటవాళ్లను పెట్టి చూశాను. మొదటివాడు సోయా సాసు పోశాడు. రెండోవాడు వద్దన్నా వినకుండా పోశాడు.

అలాంటి రోజుల్లో ఫోన్లో నూకమ్మ కనిపించింది. బర్మాలో మౌలమైన్ అనే ఊళ్లో తోపుడు బండి మీద మొహింగా అమ్ముతూ, వీడియోలో శ్రీకాకుళం తెలుగు మాట్లాడుతోంది. వాళ్ల ముత్తాత బియ్యం మిల్లుల్లో పనికని ఓడెక్కి వెళ్లాడట. నాలుగు తరాలైనా తెలుగు పోలేదు. భిలాయిలో రెండో తరానికే మావాళ్ల పిల్లలు అమ్మను మమ్మీ అని, అన్నను భయ్యా అని పిలుస్తున్నారు.

నంబరు సంపాదించి వీడియో కాల్ చేశాను. పని సంగతి ఎత్తకముందే ఆవిడ అడిగింది.

"మీ పుట్టింటోల్ల ఇంటిపేరేటమ్మా?"

"గేదెల."

"ఓలమ్మ, మాదీ గేదెలోల్లే. నీకెన్నేళ్లు?"

"నలభై ఐదు."

"నాకు నలబై తొమ్మిది. అయితే నాను నీకు అప్పనవుతాను." పక్కన కూర్చున్న అమ్మ ఫోను లాక్కుంది. "అయితే నాకు కూతురువే," అంది.

అంతే, రెండు నిమిషాల్లో వరస కలిసిపోయింది. మావాళ్లంతే. రైల్లో పక్క సీటువాళ్లతో కూడా వరస కలపకపోతే వాళ్లకు మంచినీళ్లు దిగవు. నాకూ సంతోషంగానే ఉంది. తోడబుట్టినవాళ్లు లేనిదాన్ని, ఆ వయసులో ఒక అప్ప, అంటే అక్క, దొరికింది. ఆ వరసే మా కొంప ముంచుతుందని అప్పుడు తెలీదు.

విదేశీ మనిషిని పనికి పిలవాలంటే కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లకు ఎంత నరకమో పిలిచి చూస్తేనే తెలుస్తుంది. రంగూన్‌లోని మన ఎంబసీవాళ్లు మూడేళ్ల ఇన్‌కంటాక్స్ రిటర్నులు అడిగారు. హోటలు తెరిచి మూడు నెలలు. ఆ ముక్క ఆడిటరు చేత ఉత్తరం రాయిస్తే, ఉత్తరం మీద తేదీ లేదని తిప్పి పంపారు. ఈ వంట మన దేశంలో ఎవరికీ రాదని రుజువేమిటని అడిగారు. రాదని రుజువు ఎక్కడ దొరుకుతుంది? మొహింగా గురించి రెండు పేజీలు రాశాను, అరటి దవ్వ తరిగే పద్ధతితో సహా. నా టెండర్ల చదువు మొత్తం దానికే సరిపోయింది. ఆ కాగితాలన్నీ పంపితే, నూకమ్మ రంగూన్ వెళ్లి ఎంబసీలో వీసాకు అర్జీ పెట్టింది. వచ్చేస్తున్నాను గదా అని తన తోపుడు బండి ఆడపడుచుకు ఇచ్చేసింది. తొందరపడొద్దని నేను చెప్పలేదు. నాకూ తొందరగానే ఉంది మరి.

ఈలోపు రంగూన్ రసోయిలో నేను పెసరట్లు పోస్తున్నాను. ఎదుటి ఇనుప సామాన్ల కొట్టు ధర్మయ్య ప్రతి పొద్దున్నా టీకి వచ్చి, "ఏటమ్మా, ఓడ బయలెల్లినాదేటి?" అని అడిగేవాడు. మొదటి నెల నవ్వాను. రెండో నెల నవ్వలేదు. మూడో నెల టీలో చక్కెర తగ్గించాను.

అప్పుడు వీసా విచారణకు సుభాష్ అనే కానిస్టేబుల్ మా క్వార్టరుకు వచ్చాడు. నేను హోటల్లో ఉన్నాను. అమ్మ ఒక్కతే ఇంట్లో. ఆయన అడగాల్సినవి మూడే ప్రశ్నలు: ఫలానా రజనీకుమారి ఉండేది ఇక్కడేనా, హోటలు నిజంగా ఉందా, ఆ వచ్చే మనిషి ఎవరు. అమ్మ ఆయనకు కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, జంతికలు పెట్టింది, మూడో ప్రశ్నకు జవాబు కూడా చెప్పింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ మొహం వెలిగిపోతోంది.

"మన పని అయిపోయినట్టే. బయపడకు. నాను గట్టిగా సెప్పినాను."

"ఏటి చెప్పావమ్మా?"

"హమారీ బేటీ హై, మా కూతురే అన్నాను. మా ఆయన కాందానుది, గేదెలోల్ల పిల్ల, మా ఇంట్లోనే ఉంటాదన్నాను. రాసుకున్నాడు. సంతకం కూడా ఎట్టించుకున్నాడు."

నేను చెప్పుల్తోనే మంచం మీద కూలబడ్డాను.

పదిహేను రోజులకు దుర్గ్ నుంచి పిలుపు వచ్చింది. విదేశీయుల కాగితాలు చూసే ఆఫీసులో ఒక బడే బాబు ఉన్నాడు, అంటే పెద్ద గుమాస్తా. కోపిష్టి కాదు, లంచగొండీ కాదు. అలాంటివాడైతే తిట్టుకునైనా ఉందును. ఆయన మర్యాదగా కుర్చీ చూపించి అమ్మ వాంగ్మూలం ముందు పెట్టాడు. మాటలన్నీ హిందీలోనే.

"చుట్టమా, వంటమనిషా? ఏదో ఒకటి చెప్పండి. చుట్టమైతే ఆ వీసా వేరు, దానిమీద వచ్చి పని చేయకూడదు. వంటమనిషైతే మీ అమ్మగారు బేటీ అని ఎందుకన్నారు? అక్కడి పరిస్థితులు బాగాలేవు కాబట్టి, హోటలు పేరు పెట్టి చుట్టాన్ని తెచ్చుకుంటున్నారని పైవాళ్లు అనుకుంటారు."

"వంటమనిషే సార్. చుట్టం కాదు. వరస."

"అంటే?"

చెప్పాను. ఇంటిపేరు ఒకటైతే ఒక్క ఇంటివాళ్ల కింద లెక్క, పెద్దదైతే అప్ప, చిన్నదైతే చెల్లి. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మీ తాత, ఆమె తాత అన్నదమ్ములా?"

"కాదనుకుంటాను సార్."

"కాదని తెలుసా?"

"తెలీదు సార్."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "అవునని తెలీదు. కాదని తెలీదు. నేనేం రాయను చెప్పండి."

దాని తర్వాత నాలుగు నెలలు నేను దుర్గ్‌కు ఎన్నిసార్లు వెళ్లానో ఆ రూట్లో ఆటోవాళ్లను అడగాలి. కాదని రాసి ఇచ్చాను. మీ ఒక్కరి మాట చాలదన్నారు. బర్మాలో ఆమె పుట్టిన సర్టిఫికెట్ తెప్పించాను. బర్మా భాషలో ఉంది, తర్జుమా కావాలన్నారు. కలకత్తాలో తర్జుమా చేయించాను. దానిమీద ముద్ర మసకగా ఉందన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ పూజారి కూడా పాపం ఇద్దామనే చూస్తున్నాడు, అయినా చేతికి అందట్లేదు. ఆఖరికి బడే బాబే ఒక దారి చెప్పాడు. బేటీ అని సంతకం పెట్టిన అమ్మే వచ్చి, ఆమె మాకేమీ కాదు అని మళ్లీ సంతకం పెట్టాలి.

అమ్మ పెట్టనంది.

"నోటితో కూతురన్నాను. ఇప్పుడు కాదంటానా? ఆ పిల్లకి ఏటని మొకం సూపిస్తాను?"

"అమ్మా, అది కాగితం. నిజంగా కూతురు కాదుగా."

"మీ నాన్న ఎనిమిదిమందిని ప్లాంట్లో ఎట్టించినాడు. ఎవరడిగినా మా తమ్ముడే అన్నాడు. ఒక్కడైనా మన రగతమేటి? చిట్టిబాబు మన ఊరోడు కూడా కాదు. తమ్ముడు గాబట్టి పని దొరికింది. తమ్ముడు గాబట్టి మనింట్లో ఆర్నెల్లు తిన్నాడు. తమ్ముడు గాబట్టే మీ నాన్న పోయిన్నాడు పాడె మోసినాడు. అప్పుడు మనోడంటే పనిచ్చేవోరు. ఇప్పుడు మనోడు కాదంటే ఇస్తారంట. ఇదేటి రోజులే."

 నాకు కోపం వచ్చింది. అరిచాను. నీవల్లే ఇదంతా అన్నాను. హోటలు మూసేసి ఇంట్లో కూర్చుంటాను, నీకు హాయిగా ఉంటుంది అన్నాను. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకు పెట్టింది.

నాలుగో రోజు నూకమ్మే వీడియో కాల్ చేసింది. బండి ఇచ్చేశాక ఆవిడ ఆడపడుచు ఇంట్లోనే ఒక మూల పడుకుంటోంది. వాళ్లు ఏమీ అనట్లేదని చెప్పింది. అనట్లేదని చెప్పిందంటేనే అంటున్నారని అర్థం.

"ఎట్టేయమ్మా సంతకం," అంది అమ్మతో. "కాయితమ్మీద కాపోతే ఏటి? ఇంటికాడ అవుతాను గదా."

అమ్మ ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుంది. "అవుతావేటి?"

"అవుతాను."

మర్నాడు అమ్మను దుర్గ్ తీసుకెళ్లాను. కాగితం చదివించుకుని విని, తెలుగులో జోగమ్మ అని సంతకం పెట్టింది. బయటికి వచ్చాక ఆటో ఎక్కబోతూ, "మీ నాన్న లేడు కాబట్టి సరిపోయింది," అంది.

అక్కడితో అయిందా అంటే, లేదు. రంగూన్ ఎంబసీలో నూకమ్మను పిలిచి మాట్లాడతారని తెలిసింది. నాకు నిద్ర పట్టలేదు. అమ్మ ఒక్క మాటకే నాలుగు నెలలు పోయాయి. ఈవిడ కూడా అదే నోరు, అదే మనుషులు. దాంతో రోజూ సాయంత్రం ఫోను చేసి పాఠం మొదలెట్టాను.

"నేను నీకు ఎవరు?"

"సెల్లివి."

"కాదు. మళ్లీ చెప్పు. నేను నీకు ఎవరు?"

"ఓటలు మేడానివి."

"నన్నేమని పిలుస్తావు?"

"రజనీ అని."

"మేడం అనాలి."

"సరే. మేడం. తిన్నావేటే?"

నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. పది రోజులు అలాగే నడిచింది. ఒక రోజు సరిగ్గా చెప్పేది, మర్నాడు మళ్లీ అప్ప అయిపోయేది. ఎంబసీకి రమ్మన్న తేదీకి ముందు రోజు సాయంత్రం హోటల్లో గ్యాసు అయిపోయింది, పెసరట్ల పిండి పులిసింది, ధర్మయ్య ఓడ సంగతి మళ్లీ అడిగాడు. ఆ వేడిలో ఫోను చేశాను. నేనెవరో చెప్పమన్నాను.

"ఎంత మేడమువైనా నాకు సెల్లివే గదే," అంది నవ్వుతూ.

నాకు తిక్క రేగింది. "నువ్వు నాకు అప్పవి కావు," అన్నాను. "ఏమీ కావు. ఇంటిపేరు ఒకటైతే అయిపోయిందా? నువ్వు నా దగ్గర పనికి వస్తున్నావు. నేను జీతమిస్తాను, నువ్వు వండుతావు. అంతే. ఆ ముక్క బుర్రకెక్కించుకో."

అట్నుంచి నవ్వు ఆగిపోయింది.

"సరే మేడం," అంది నూకమ్మ. "అలాగే మేడం."

మర్నాడు ఎంబసీలో ఒక్క తప్పు చేయలేదట. యజమానురాలితో సంబంధమేమిటని మూడు రకాలుగా అడిగారట. ఏమీ లేదని మూడుసార్లూ చెప్పిందట. ఇరవై రోజుల్లో వీసా వచ్చింది. నేను హోటల్లో అందరికీ ఉత్తినే టీ పోయించాను. ధర్మయ్యకు చక్కెర ఎక్కువే వేశాను.

కలకత్తా దాకా విమానం, అక్కణ్ణుంచి రైలు. దుర్గ్ స్టేషనుకు అమ్మ కూడా వచ్చింది, వద్దన్నా వినకుండా, కొత్త చీర కట్టుకుని. నూకమ్మ ఫోన్లో కనిపించినదానికంటే పొట్టిగా ఉంది. చేతిలో ఒక బుట్ట, అందులో ఎండు రొయ్యల పొడి డబ్బాలు. మమ్మల్ని చూసి ఆగి, బుట్ట కింద పెట్టి, రెండు చేతులూ జోడించింది.

"నమస్కారం మేడం. నమస్కారం అమ్మగారు."

ప్లాట్‌ఫారం మీద పోలీసులు తిరుగుతున్నారు, అందుకే అనుకున్నాను.

మర్నాడే బడే బాబు దగ్గర ఆమె పేరు నమోదు చేయించాం. వచ్చిన ప్రతి విదేశీయుడూ చేయించుకోవాలట. ఆయన మళ్లీ నన్ను చూపించి, ఈమె ఎవరని అడిగాడు. "మాల్కిన్," అంది నూకమ్మ, యజమానురాలు అనే ఆ హిందీ మాట ఎక్కడ నేర్చుకుందో. ఆయన ముద్ర వేసి, పర్మిటు ఏడాదికని, మళ్లీ ఏడాది ఇలాగే రావాలని చెప్పాడు. నాకు గుండె తేలికైంది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆయన నాకు మంచి మనిషిలా కనిపించాడు.

ఆ పొద్దు అమ్మ వంట చేసింది. నూకమ్మను చేయనివ్వలేదు. కొత్తగా వచ్చిన పిల్లకని బెండకాయ పులుసు పెట్టి, చేపలు వేయించి, నేల మీద మూడు కంచాలు వేసింది. నూకమ్మ వచ్చి చూసి, తన కంచం తీసుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్లింది.

"ఏటే, ఇక్కడ కూకో," అంది అమ్మ.

"మీరు కానివ్వండి అమ్మగారు. నాను ఎనక తింటాను."

నేను లేచాను. "అప్పా," అన్నాను. నెలల తరబడి మానేసిన ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. "అయిపోయింది. కాగితాలన్నీ అయిపోయాయి. ఇంట్లో ఎవరూ వినరు. ఆ రోజు కోపంలో అన్నాను. ఇక్కడికొచ్చి కూర్చో. నన్ను రజనీ అను."

ఆవిడ మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది, కాళ్లు పట్టుకునైనా పోగొట్టుకునేదాన్ని.

"మల్లా ఏడాదికి అడుగుతారంట గదా మేడం," అంది నెమ్మదిగా. "నాకు అలవాటవడానికి శానా రోజులు పట్టింది. ఇప్పుడు అలవాటు తప్పితే నోరు జారుతాది."

కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. అమ్మ పులుసు గరిటె చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. నా వైపు మాత్రం చూడలేదు.